రక్తంలో తగ్గిన విటమిను – కేన్సరు రోగికి ఆ అంకె ఏమి చెబుతున్నది?

నందిగామలో గాని, జగ్గయ్యపేటలో గాని ఈనాడు రక్తపరీక్ష చేయించుకొనడం పెద్ద పని కాదు. ఉదయం పరగడుపున రక్తమిచ్చినవారికి సాయంత్రానికో, మరునాటికో అచ్చువేసిన కాగితం చేతికి వస్తున్నది. ఎడమప్రక్క పదార్థం పేరు, మధ్యలో మన అంకె, కుడిప్రక్క ఆరోగ్యవంతునికి ఉండదగిన హద్దులు. హద్దు తప్పిన అంకె లావు అక్షరాలతో కనబడుతుంది. ఇంటిలో కేన్సరు రోగి ఉన్నప్పుడు అందరి చూపులూ ఆ లావు అక్షరాల మీదనే వాలుతవి. విటమిన్ డి తక్కువ, ఇనుము తక్కువ, జింకు తక్కువ. ఇక ఆలోచన ఒక్క గంతులో ముగింపుకు చేరుతుంది: "ఇవి తగ్గబట్టే జబ్బు వచ్చింది, ఇవి నింపితే జబ్బు పోతుంది." మరునాటినుండి పరామర్శకు వచ్చే బంధువులు తలా ఒక సీసా, తలా ఒక డబ్బా పట్టుకొని వస్తారు.

ఆ అంకె అబద్ధం కాదు. కేన్సరు రోగులలో అనేకులకు కొన్ని విటమినులు, ఖనిజాలు తగ్గియుండుట ప్రపంచమంతటా వైద్యులు చూస్తున్న విషయమే. చిక్కంతా ఆ అంకెనుండి మనం లాగుతున్న అర్థంలోనే ఉన్నది. లోపం వలన జబ్బు వచ్చి ఉండవచ్చు. జబ్బు వలన లోపం వచ్చి ఉండవచ్చు. జబ్బుకు చేసిన చికిత్స వలన వచ్చి ఉండవచ్చు. అసలు లోపమే లేకుండా అంకె మాత్రం తగ్గి ఉండవచ్చు. ఈ నాలుగింటిలో ఏది నిజమన్నదానిని బట్టి చేయవలసిన పని మారుతుంది. ఒక్కొక్కప్పుడు పూర్తిగా తలక్రిందులవుతుంది. ఈ సంగతి కళాశాల పత్రికలో ఎందుకని ఎవరైనా అడిగితే నా సమాధానం ఇది: మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో ఆ కాగితాన్ని చదివి పెద్దలకు అర్థం చెప్పేది కళాశాలలో చదువుకొంటున్న పిల్లలే.

తెలుగు చెప్పుకొనేవాణ్ణి గనుక ముందుగా మాటల సంగతి ఒకటి మనవి చేస్తాను. 1912లో కాసిమీర్ ఫంక్ అనే పోలెండు దేశపు శాస్త్రజ్ఞుడు ప్రాణానికి అవసరమైన 'అమీన్' అనే అర్థంలో ఈ పేరు పుట్టించాడు. ఉర్దూవారు 'హయాత్' నుండి 'హయాతీన్' అన్నారు. తెలుగువారు 'జీవసత్వం' అన్నారు. ఇరువురూ ఒకరినొకరు సంప్రదించుకొనకుండానే ప్రాణమనే మాటనే పట్టుకొన్నారు. పేరు అందమైనదే, కాని అందులో ఒక మోసం కూడా ఉన్నది. ఎవరి జీవానికి సత్వం? కేన్సరు కణం కూడా ప్రాణమున్న కణమే. అది అదుపు లేకుండా పెరుగుతుంది, చీలుతుంది. దానికీ జీవసత్వం కావాలి. ఈ ఒక్క విషయం ప్రపంచానికి తెలియజేసిన కథలో ప్రధాన పాత్రధారి మన కోస్తా బిడ్డ కావడం మనం గర్వించదగినది.

ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. యౌవనంలో ఉండగా ఆయన సోదరులిద్దరు కొద్దికాలపు వ్యవధిలో స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో మరణించారు. ఆయనకు కూడ ఆ వ్యాధి సోకగా డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నాడు. స్ప్రూ వచ్చినవారి ప్రేగు తిన్న ఆహారంలోని సారాన్ని పీల్చుకొనలేదు. విరేచనాలు, నోటిపూత, దారుణమైన రక్తహీనత కలిగి మనిషి చిక్కి శల్యమవుతాడు. ఆ రక్తహీనతకు ప్రధాన కారణం ఫోలిక్ ఆమ్లమనే విటమిను లోపమని అప్పటికి ఎవరికీ తెలియదు.

తెలియడానికి దారి కూడ మన దేశంలోనే పడింది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి గర్భిణీ స్త్రీలకు వచ్చే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించింది. పేద ముస్లిం స్త్రీల ఆహారం అన్నిటికన్న లోపభూయిష్ఠంగా ఉండుట, వారే ఈ రక్తహీనతకు ఎక్కువగా గురియగుట ఆమె గమనించింది. కూనూరులోని ప్రయోగశాలలో కూడ కొంతకాలం పనిచేసింది. ఈస్టునుండి తీసిన మార్మైట్ అనే చవుక పదార్థం తినిపిస్తే ఆ రక్తహీనత తగ్గుతున్నదని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నదేమిటో ఆమెకు తెలియదు. తరువాత 1941లో పాలకూర ఆకులనుండి దానిని వేరుచేసిన అమెరికా శాస్త్రజ్ఞులు లాటిన్ భాషలో ఆకు అనే అర్థమిచ్చే మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు.

అప్పటికి సుబ్బారావు అమెరికాలో ఉన్నాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చినవాడు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఆ పద్ధతి ఇరువురి పేర్లతోనే ప్రయోగశాలలలో స్థిరపడింది. రక్తంలోని ఖనిజాన్ని కొలవడం మనకు నేర్పినవారిలో ఆయన ఒకడన్నమాట. 1940లో లెడర్లే కంపెనీలో చేరి, అక్కడి శాస్త్రజ్ఞుల బృందాన్ని నడిపించి 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేయించాడు. 1946 ప్రాంతంలో అమెరికా వైద్యుడు టామ్ స్పైస్ దానిని స్ప్రూ రోగులకు ఇవ్వగా కోలుకొన్నారు. తన ఇద్దరు సోదరులను తీసుకొనిపోయిన వ్యాధికి మందు తన చేతిమీదుగానే తయారైనది.

ఇక్కడితో కథ ముగిస్తే మనం ముందు చెప్పుకొన్న బంధువుల మాటే నిజమయ్యేది: లోపించినది నింపాము, జబ్బు పోయింది. స్ప్రూ విషయంలో అది అక్షరాలా సత్యం కూడ. కాని బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తకేన్సరు సోకిన పిల్లలను చూస్తున్నాడు. ఆ రోజులలో ఆ పిల్లలు రోగనిర్ణయమైన కొన్ని వారాలలోనో నెలలలోనో కన్నుమూసేవారు. కేన్సరు రోగులకు ఫోలిక్ ఆమ్లపు రూపాలను ఇచ్చి చూడగా, రక్తకేన్సరు ఉన్న పిల్లల ఎముకల మూలుగలో వ్యాధి తగ్గుటకు మారుగా వేగం పుంజుకొన్నట్లు ఫార్బర్ గమనించాడు. కేన్సరు కణాలు చీలుటకు ఫోలిక్ ఆమ్లం కావాలి. అవి దానిని దండిగా వాడుకొంటవి గనుకనే రక్తంలో తక్కువగా కనబడుతుంది. తక్కువైనది కదా అని పోస్తే, మంచిపైరు ఎండిపోతుండగా కలుపు మొక్కకు ఎరువు వేసినట్లయింది.

ఆ పరిశీలననుండే తలక్రిందులైన ఆలోచన పుట్టింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని స్థానంలో దూరి, దాని పని జరుగనీయకుండా అడ్డుపడే పదార్థం ఉంటే? అట్టి పదార్థాలను సుబ్బారావు బృందం తయారు చేసి ఇచ్చింది. వానిలో అమినోప్టెరిన్ ఒకటి. 1947 డిసెంబరు చివర ఫార్బర్ దానిని ఒక పసివానికి ఇవ్వడం ప్రారంభించాడు. 1948 జూన్ నెలలో ప్రకటించిన వ్యాసంలో 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించినదని వ్రాశాడు. ఆ గుణం తాత్కాలికమే, వ్యాధి తిరుగబెట్టింది. అయినా పిల్లల రక్తకేన్సరు మందుకు లొంగుతుందని తెలియడం అదే మొదలు. ఆ వ్యాసం వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు 53వ ఏట అమెరికాలో మరణించాడు. అమినోప్టెరిన్ వెంటనే వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్తకేన్సరు చికిత్సలో ఉన్నది. 1995లో భారత తపాలాశాఖ ఆయన శతజయంతికి బిళ్ళ విడుదల చేసింది. మన విద్యార్థులలో ఎందరికి ఆయన పేరు తెలుసునో నేను అడుగదలచుకోలేదు.

ఒకే విటమిను, ఒకే తగ్గిన అంకె. స్ప్రూ రోగిలో దాని అర్థం 'నింపు' అని. రక్తకేన్సరు పిల్లవానిలో దాని అర్థం 'ఆగు, ఇతరుడెవడో దీనిని తింటున్నాడు' అని. కాగితంమీద ఈ రెండు అంకెలకు భేదమేమీ లేదు.

ఇందులో ఇంకొక మలుపు కూడ కలదు. మెథోట్రెక్సేట్ అధిక మోతాదులో ఇచ్చినప్పుడు మంచికణాలు కూడ దెబ్బతింటవి గనుక, లెక్కప్రకారం కొన్ని గంటలు గడిచిన పిమ్మట ఫోలినిక్ ఆమ్లమనే దగ్గరి పదార్థాన్ని వైద్యులే ఇస్తారు. కీళ్ళవాతానికి వారానికొకసారి మెథోట్రెక్సేట్ వాడేవారికి కూడ ఫోలిక్ ఆమ్లం వైద్యులే వ్రాస్తారు. పెద్దప్రేగు కేన్సరుకు ఇచ్చే ఫ్లోరోయురాసిల్, కాపెసిటబిన్ మందుల విషయం వేరు: ఫోలిక్ ఆమ్లం తోడైతే వాని తీవ్రత హెచ్చి, నోటిపూత, విరేచనాలు ప్రాణాంతకం కావచ్చును. పెమెట్రెక్సెడ్ అనే ఊపిరితిత్తుల కేన్సరు మందు దగ్గర మళ్ళీ తిరుగబడింది. దాని తొలి ప్రయోగాలలో తీవ్రమైన బాధలు పడినవారు ఎవరని వెదకగా, రక్తంలో హోమోసిస్టీన్ హెచ్చుగా ఉన్నవారు, అనగా ఫోలిక్ ఆమ్లమో బి-12 విటమినో చాలనివారు, అని తేలింది. అందుచేత 2004లో అమెరికాలో దానికి అనుమతి లభించేనాటికే ఆ రెండు విటమినులు ముందుగా ఇచ్చి తీరవలెనన్న నియమం వచ్చింది. ఒకే మాత్ర ఒక మందుకు రక్ష, ఒక మందుకు విషం. "విటమినే గదా, మేలే గాని కీడు చేయదు" అనే మాటకు ఇక చోటెక్కడ?

ఇప్పుడు లోపం లేకుండా అంకె తగ్గడమనే వింతకు వద్దాము. మన మెట్ట రైతులకు పాతర సంగతి చెప్పనవసరం లేదు. పూర్వం జొన్నలు భూమిలో పాతర వేసి పైన మట్టి కప్పేవారు. వంటింటి కుండలో జొన్నలు లేనంతమాత్రాన ఆ ఇంటిలో గింజలు లేవనుకొంటే పొరపాటు. పాతర నిండుగా ఉండవచ్చును. శరీరంలో ఇనుము సంగతి సరిగా ఇట్లాంటిదే. కేన్సరు గాని, పెద్ద జ్వరం గాని, దీర్ఘమైన వాపు గాని ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే దీని రహస్యం తెలిసింది. అది ఇనుపనిల్వల ద్వారాలు మూసివేస్తుంది. రక్తంలో తిరిగే ఇనుము పడిపోతుంది. నిల్వ మాత్రం పదిలం. ఇనుము సూక్ష్మజీవులకు కూడ ఆహారమే గనుక, శత్రువు వచ్చినప్పుడు దానిని దాచివేయడం శరీరానికి అలవాటు. అట్టి రోగికి ఇనుపమాత్రలు మ్రింగించినా, మూసిన తలుపు తెరుచుకొనదు. మలబద్ధకం మాత్రం మిగులుతుంది. నిల్వను తెలిపేది ఫెరిటిన్ అనే వేరొక పరీక్ష. వాపు ఉన్నప్పుడు ఆ ఫెరిటిన్ కూడ ఉన్నదానికన్న హెచ్చుగా కనబడుతుంది గనుక, రెండు మూడు అంకెలను కలిపి చదువగలిగినవారే దాని అర్థం చెప్పాలి.

జింకు కూడ అంతే. వాపు సమయంలో రక్తంనుండి కాలేయంలోకి పోతుంది. ఎ విటమినును మోసుకొని తిరిగే మాంసకృత్తు తగ్గుతుంది గనుక ఎ విటమిను కూడ తగ్గినట్లు కనబడుతుంది. బండి లేక సరుకు ఊరిలోకి రాలేదు గాని, గిడ్డంగిలో లేకపోలేదు. ఇందుకు విరుద్ధంగా రాగి హెచ్చుతుంది. ఈ హెచ్చుతగ్గులను చూసి జింకు మాత్రలు, రాగి చెంబులు అంటూ ఊహాగానాలు చేసే ప్రసంగాలు నేను విన్నాను; వాటికి రక్తపరీక్ష కాగితం ఆధారం కాజాలదు.

డి విటమినుకు మరొక చిక్కు. కేన్సరు రోగిలో అది తక్కువ అనగానే, ఎవరితో పోల్చి తక్కువ అని అడగాలి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఏ జబ్బూ లేని గ్రామీణులలోను, పట్టణవాసులలోను కూడ డి విటమిను లోపం విస్తారంగా కనిపించింది. అది కూడ రాయలసీమ ఎండలలో! మిరప చేలలో పనిచేసేవారు సరే, పగలంతా నీడపట్టున ఉండే ఉద్యోగి, దుకాణదారు, ఇల్లు కదలని స్త్రీ ఎవరిని పరీక్షించినా మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల హద్దుకు లోపుగానే తేలవచ్చును. ఊరంతటికీ ఉన్న లోపం ఒక్కని జబ్బుకు కారణమని ఎట్లా తీర్మానిస్తాము? అమెరికాలో 25,871 మందిపై జరిగి 2019లో ఫలితాలు ప్రకటించిన గొప్ప ప్రయోగంలో, రోజూ డి విటమిను తీసుకొన్నవారికి కేన్సరు కొత్తగా రావడం తగ్గలేదు. ఎముకల బలానికి దానిని నింపడం వేరు, కేన్సరుకు మందనుకొనడం వేరు.

తగ్గిన అంకెను గూర్చి ఇంత చెప్పితిని గాని, హెచ్చిన అంకె ఇంకా ప్రమాదకరం. ఎందుకంటే దానిని చూసి మనం సంతోషిస్తాము. దీర్ఘకాలిక మైలాయిడ్ రక్తకేన్సరులో బి-12 విటమిను రక్తంలో విపరీతంగా హెచ్చుతుంది. ఆ రోగి బలంగా ఉన్నాడని కాదు. దానిని పట్టి ఉంచే మాంసకృత్తును ఆ తెల్లకణాలు మితిమీరి తయారు చేస్తున్నవని అర్థం. సున్నపు ధాతువైన కాల్షియం సంగతి మరీ ముఖ్యం. రొమ్ము, ఊపిరితిత్తుల కేన్సరులలోను, మైలోమాలోను ఎముక కరిగి కాల్షియం రక్తంలోకి పారుతుంది. కొన్ని కణుతులు పారాథైరాయిడ్ హార్మోనును పోలిన పదార్థాన్ని వదిలి ఈ పని చేయిస్తవి. రోగికి విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, మందకొడితనం, మాట తడబడడం కలుగుతవి. "ఎముకలు నొప్పి అంటున్నాడు, కాల్షియం తక్కువై ఉంటుంది" అని మందుల దుకాణంలో మాత్రలు కొనిపెట్టే కొడుకు తండ్రిమీది ప్రేమతోనే ఆ పని చేస్తాడు. కాని అది అగ్గిమీద నేతిని పోసినట్లు. ఈ లక్షణాలు కనబడిన రోగిని ఆ పూటనే ఆసుపత్రికి చేర్చాలి.

చికిత్స వలన కలిగే లోపాలు నిజమైన లోపాలు; వానిని నింపక తప్పదు. సిస్‌ప్లాటిన్ అనే మందు మూత్రపిండాల ద్వారా మెగ్నీషియాన్ని పారబోయిస్తుంది. గొంతు, గర్భాశయ ముఖద్వారపు కేన్సరులకు ఇది తరచుగా వాడే మందు గనుక మన ప్రాంతపు రోగులకు బాగా సంబంధించిన సంగతి. మెగ్నీషియం తగ్గితే దాని వెనుకనే కాల్షియం, పొటాషియం పడిపోతవి. కండరాలు పట్టుకొంటవి, గుండె లయ తప్పుతుంది. ఇట్టిదానికి అంగటిలోని బలం సీసా పనికిరాదు. ఎంత తగ్గినదో కొలిచి, అంత మేరకు నరానికి ఎక్కించాలి.

ఇంతకూ లోపం మూలంగా కేన్సరు వస్తుందా అనే ప్రశ్న మిగిలియున్నది. కొంతవరకు నిజముండవచ్చునని చూపిన పరిశోధన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థనుండే వచ్చింది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు తరలిన సంస్థ అది; లూసీ విల్స్ పనిచేసిన కూనూరుకు, దీనికి చుట్టరికం ఉన్నది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతపు పల్లెలలో, ముఖ్యంగా స్త్రీలు, చుట్టను వెలిగించిన కొన నోటిలో ఉంచుకొని అడ్డపొగ త్రాగే ఆచారం కలదు. దాని వేడికి, పొగకు అంగిలిలో తెల్లమచ్చలు ఏర్పడి కొందరికి కేన్సరుగా మారుతవి. అడ్డపొగ త్రాగే దాదాపు 300 మందిని తీసుకొని, సగంమందికి ఎ విటమిను, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం ఒక సంవత్సరం పాటు ఇచ్చి, సగంమందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. మందు పొందిన వారిలో సగానికి పైబడినవారికి మచ్చలు పూర్తిగా మాయమైనవి; ఉత్తుత్తి మాత్రల వారిలో నూటికి పదిమందికైనా అట్లు కాలేదు. ఇది 1995లో ప్రకటితమైనది. అయితే మరువరానిది ఒకటి: అవి కేన్సరుకు ముందు వచ్చే మచ్చలు, కేన్సరు కాదు. పైగా ఆ మనుషులు నిజంగా పోషకాహారం చాలనివారు.

ఈ చివరి మాట ఎంత బరువైనదో ప్రపంచంలోని రెండు పెద్ద ప్రయోగాలు చూపినవి. చైనాలోని లిన్‌షియాన్ ప్రాంతంలో తరతరాలుగా చాలీచాలని తిండి తిన్న 29,584 మందిపై జరిగిన ప్రయోగంలో బీటా కెరోటిన్, ఇ విటమిను, సెలీనియం కలిపి ఇచ్చినవారికి కడుపు కేన్సరు మరణాలు సుమారు అయిదోవంతు తగ్గినవి. అది 1993. మరుసటి సంవత్సరమే ఫిన్లాండు ఫలితాలు వచ్చినవి. కడుపునిండా తిని సిగరెట్లు త్రాగే 29,133 మంది పురుషులపై ప్రయోగమది. వారిలో బీటా కెరోటిన్ తీసుకొన్నవారికి ఊపిరితిత్తుల కేన్సరు నూటికి 18 వంతులు హెచ్చింది. అమెరికాలో అట్టి ప్రయోగాన్నే 1996లో హానిని చూసి గడువుకు ముందే ఆపివేశారు. గుంట ఉన్నచోట మట్టి పోస్తే నేల చదునవుతుంది. చదును నేలమీద పోస్తే గుట్ట అవుతుంది.

అప్పటికే కేన్సరు వచ్చినవారి మాట? నోబెల్ గ్రహీత లైనస్ పౌలింగ్ సి విటమిను భారీ మోతాదులలో ఇస్తే రోగుల ఆయుర్దాయం పెరుగుతున్నదని 1976లో ప్రకటించాడు. మేయో క్లినిక్ వైద్యులు రెండు మార్లు, 1979లోను 1985లోను, నోటి ద్వారా ఇచ్చి సరిగా పోల్చి చూడగా ప్రయోజనం కనబడలేదు. కెనడాలోని క్విబెక్‌లో నోరు, గొంతు వంటి చోట్ల కేన్సరుకు రేడియేషన్ తీసుకొంటున్న 540 మందిపై జరిపిన ప్రయోగంలో, ఇ విటమిను అధికంగా తీసుకొన్నవారికి జబ్బు తిరుగబెట్టడం, రెండవ కేన్సరు రావడం హెచ్చినట్లు 2005లో తేలింది. నోబెల్ బహుమానం పేరు చెప్పి డబ్బాలు అమ్మేవారు పౌలింగ్ వరకు చెప్పి ఆగిపోతారు. మేయో వరకు రారు.

ఇక మన ఇళ్ళకు వద్దాము. రోగనిర్ణయం కాగానే పథ్యం ఆరంభమవుతుంది. గుడ్డు వద్దు, మాంసం వద్దు, పప్పు చీము పట్టిస్తుంది, గోంగూర పడదు, వంకాయ దురద. తెలుగు ఇళ్ళలో 'వేడి' అంటారు, ఉర్దూ ఇళ్ళలో 'గర్మీ' అంటారు. ఫలితం ఒకటే, రోగి గంజితోను, చారుతోను బ్రతుకవలసి వస్తుంది. నెల తిరిగేసరికి మాంసకృత్తులు, జింకు, బి విటమినులు అన్నీ తగ్గుతవి. ఇది జబ్బు చేసిన లోపం కాదు, మనం చేసిన లోపం. గుడ్డు, చేప, కంది, పెసర, పాలు, పెరుగు, మునగాకు, తోటకూర – రోగికి సహించినంత, వైద్యుడు వద్దనకపోయినంత వరకు వేటినీ మాన్పించనవసరం లేదు. నోరు పూచినవానికి కారం లేకుండా, మెత్తగా ఉడికించి, కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు పెట్టవచ్చును.

ఒక చేత్తో తిండి మాన్పించి, మరొక చేత్తో "బలానికి" సెలైను ఎక్కించడం మన పల్లెలలో నిత్యకృత్యం. అయిదు శాతం గ్లూకోజు ఉన్న అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. దాదాపు రెండు గ్లాసుల టీలో వేసుకొనేంత. దానిలో మాంసకృత్తు లేదు, విటమిను లేదు. వారాల తరబడి ఏమీ తినని రోగికి ఒక్కసారిగా గ్లూకోజు ఎక్కిస్తే రక్తంలోని భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం కణాలలోనికి పోయి హఠాత్తుగా పడిపోవచ్చును. ఉన్న కాస్త బి-1 విటమిను కూడ ఖర్చయిపోయి మెదడుకు ముప్పు రావచ్చును. అందుకనే ఆసుపత్రిలో అట్టివానికి ముందు బి-1 ఇచ్చి, భాస్వరాన్ని కొలుస్తూ, నెమ్మదిగా పోషణ మొదలుపెడతారు. సుబ్బారావు కొలువ నేర్పిన ఆ భాస్వరమే.

మన రెండు ఊళ్ళు హైదరాబాదు–విజయవాడ రహదారిమీద ఉండటంచేత రోగులు రెండు దిక్కులకు బస్సెక్కుతారు. కొందరు విజయవాడకు, గుంటూరుకు. కొందరు మెహదీ నవాజ్ జంగ్ పేరున 1955నుండి నడుస్తున్న హైదరాబాదు కేన్సరు ఆసుపత్రికి. ఏ దిక్కుకు వెళ్ళినా, ఇంటిలో రోగి మింగుతున్నవన్నీ ఒక సంచిలో వేసి వెంట తీసుకొనిపోవడం మంచిది: మాత్రలు, టానిక్కులు, హకీము ఇచ్చిన మాజూను, ఆయుర్వేద చూర్ణం, బంధువులు తెచ్చిన డబ్బా, అన్నీ. "ఏమీ వాడడం లేదు" అని మొహమాటానికి చెప్పవద్దు. పాత రక్తపరీక్ష కాగితాలు తేదీల వరుసన పెట్టుకోవాలి. ఒక్క అంకెకన్న మూడు నెలల అంకెల నడక వైద్యునికి ఎక్కువ చెబుతుంది. కీమోథెరపీ, రేడియేషన్ రోజులలో ఏ విటమినునైనా ఆ వైద్యుని అడిగిన తరువాతనే ఇవ్వాలి.

రక్తంలో ఇనుము తగ్గినదని తెలిసిన యాభై దాటిన పురుషుడు, నెలసరి ఆగిపోయిన స్త్రీ విషయంలో మరొక జాగ్రత్త. "రక్తం పట్టడానికి" టానిక్కు త్రాగి ఊరకుండరాదు. ఇనుము ఎక్కడికి పోతున్నదో కనుగొనాలి. కడుపులోనో, పెద్దప్రేగులోనో కణుతి ఉండి కంటికి కనబడకుండా రక్తం కారుతూ ఉండవచ్చును. అప్పుడు ఆ తగ్గిన అంకె జబ్బును ముందుగా పట్టి ఇచ్చే ఆనవాలు. టానిక్కుతో అంకె సరిచేసుకొంటే ఆనవాలును చెరిపివేసుకొన్నట్లే.

ఇన్ని డబ్బాల మధ్య, నిజంగా విటమిను కావలసిన మనిషి ఒక్కొక్కప్పుడు మరుగున పడిపోతాడు. కడుపు కేన్సరుకు జీర్ణాశయం పూర్తిగా తీసివేసినవారి సంగతి చూడండి. బి-12 విటమిను ఒంటపట్టడానికి కావలసిన పదార్థం జీర్ణాశయపు గోడనుండే రావాలి. ఇక అది రాదు. కాని కాలేయంలో కొన్ని సంవత్సరాలకు సరిపడే నిల్వ ఉంటుంది గనుక వెంటనే ఏమీ తెలియదు. ఆపరేషను జరిగింది, కేన్సరు పోయింది, అందరూ మరచిపోయారు. మూడు నాలుగేళ్ళకు ఆ మనిషి అరికాళ్ళు తిమ్మిరి అంటాడు, చీకటిలో తూలుతాడు, మతిమరుపు వస్తుంది. ఇంటివారు వయసు మీదపడిందనుకొంటారు. ఆలస్యమైతే నరాల దెబ్బ పూర్తిగా మానదు. అతనికి కావలసినది జీవితాంతం వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం వేయించుకొనే బి-12 ఇంజక్షను. చాలా చవుకైనది, నందిగామలోను జగ్గయ్యపేటలోను ఏ మందుల దుకాణంలోనైనా దొరికేది.